అవ్వ ఒంటి మీద తెల్ల మచ్చ

లాండీ అతనితో అన్న మొట్టమొదటి మాట, "బూట్లు కూడా."

ఎర్మిలో వెనక్కి తిరిగాడు. రేవు మీద సన్నగా వాన పడుతోంది. నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి పక్కన, చెత్త వేసే నల్ల సంచీని నెత్తిన కప్పుకుని ఒక పొట్టి అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో గడియారం, ముఖంలో పరీక్ష హాల్లో తిరిగే టీచరు కరుకుదనం.

"సూటు ముంచాను. మాస్కు ముంచాను. గాలి గొట్టాలు కూడా ముంచాను," అన్నాడు ఎర్మిలో.

"బూట్ల అడుగున ఇసుక ఉంటుంది. జబ్బు ఆ ఇసుకలోనే ఊరేగుతుంది. విప్పి ముంచు. పది నిమిషాలు."

"నన్ను కూడా ముంచేస్తావా ఏంటి?"

"ఏ ఊరు నీది?"

"తిసిమీన్."

"ఆవుల ఊరోడివా. అయితే పదిహేను నిమిషాలు."

అతను బూట్లు విప్పాడు. ఈ ద్వీపంలో పుట్టినవాళ్లకి అవతలి ఒడ్డువాళ్లంటే చులకన. నాలుగేళ్లుగా టూరిస్టుల్ని సముద్రం అడుగుకి తీసుకెళ్లి క్షేమంగా పైకి తెస్తున్నా, రేవులో అందరూ అతన్ని కౌబాయ్ అనే పిలుస్తారు. బ్లీచింగ్ నీళ్లలో మునిగిన బూట్లని చూసుకుంటూ అతను ఆ పదిహేను నిమిషాలూ వానలో తడిశాడు. ఆ అమ్మాయి ఒక్క క్షణం కూడా తగ్గించలేదు. ఆమె అతనికి నచ్చడం అక్కడే మొదలైంది. కొందరికి నాలుగు చీవాట్లు పడితే గాని మనసు కుదుటపడదు. ఎర్మిలో ఆ రకం.

ఆ చలికాలం కొజుమెల్ ద్వీపంలో ఎవరి ముఖంలోనూ కళ లేదు. దక్షిణం వైపు పగడపు దిబ్బలకి తెల్ల జబ్బు పట్టింది. వందల ఏళ్లు బతికిన పగడం మీద ఒక సోమవారం అరచేయంత తెల్ల మచ్చ కనిపిస్తే, మళ్లీ సోమవారానికి అది పళ్లెమంత అయ్యేది. కండ ఊడిపోయి ఎముక బయటపడేది. ఉన్న మందు ఒక్కటే. యాంటీబయాటిక్ కలిపిన ముద్దని నీటి అడుగుకి తీసుకెళ్లి, పుండు అంచు వెంబడి వేలితో మెత్తాలి. ఆ పని నేర్చినవాళ్లు ద్వీపం మొత్తానికి పదకొండు మంది. లాండీ వాళ్లలో ఒకతి. ఆ పని లేని సాయంత్రాలు ఆమె రేవులో తొట్టికి కాపలా కాసేది. జబ్బు ఉన్న దిబ్బ దగ్గర దిగినవాడు తన సామానంతా ఆ తొట్టిలో ముంచకుండా ఇంకో దిబ్బ దగ్గర దిగకూడదు. అప్పట్లో సముద్రం మీద బతికేవాళ్లందరికీ అదే మొదటి నియమం.

ఎర్మిలో రోజూ అందరికంటే చివర వచ్చి, అందరికంటే నిదానంగా ముంచేవాడు.

"టోపీ ఎందుకు ముంచుతున్నావు?" అని అడిగింది లాండీ ఒకరోజు.

"సముద్రం వైపు చూసింది. మనకెందుకొచ్చిన అనుమానం."

"మరి ఫోను?"

"నీ నంబరు ఎక్కించుకుని అప్పుడు ముంచుతా."

"ముందు ముంచు. తర్వాత ఇస్తా."

నంబరు ఇవ్వడానికి ఆమెకి ఇంకో మూడు వారాలు పట్టింది. కానీ ఆ రోజు నల్ల సంచీ అంచు కింద ఆమె పెదవి ఒక పక్కకి వంగడం అతను చూశాడు. ఆ రాత్రి అతనికి ఉక్కగా ఉన్న గదిలో కూడా హాయిగా నిద్ర పట్టింది.

ఫిబ్రవరిలో ఆమెకి పడిశం పట్టింది. పడిశంతో లోతు నీళ్లలో దిగకూడదని ఆమె పదిమందికి నేర్పిన మనిషే. కానీ దక్షిణాన రెండు పగడాలు వారం కూడా ఆగేలా లేవని దిగింది. కర్ణభేరి పగిలింది. డాక్టరు రెండు నెలలు నీళ్ల జోలికి పోవద్దన్నాడు.

ఎర్మిలో పండ్లు పట్టుకుని ఆమెని చూడ్డానికి ఇంటికి వెళ్లాడు. ఉత్తరపు గాలి విసురుగా కొడుతోంది. రేవులో ఎర్రజెండా ఎగరేసి చిన్న బోట్లన్నిటినీ కట్టేయించారు. లాండీ వాళ్లమ్మ ఎల్సీ, మర్యాదకి దోన్యా ఎల్సీ, వీధి వాకిట్లో సాల్బూతెలనే మొక్కజొన్న రొట్టెలు వేయించి అమ్ముతుంది. ఆ రోజు కొనేవాళ్లు లేక వంటింట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. చెవిలో దూది పెట్టుకున్న లాండీ ఉయ్యాలలో పడుకుని గోడవైపు చూస్తోంది.

"అవ్వని చూసి నెలయింది," అంది ఉన్నట్టుండి.

"ఏ అవ్వ?"

తల్లీ కూతురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎల్సీ ఉల్లిపాయల మీదికి తల వంచుకుని, "చెప్పాలనుంటే చెప్పు. నన్నడక్కు," అంది.

లాండీ తాత నల్ల పగడం కోసం సముద్రంలో దిగిన రోజుల్లో, ఉత్తరాన ఒక మహా పగడాన్ని చూశాడు. రెండు నిలువుల ఎత్తు, చుట్టూ తిరిగి రావడానికి ఊపిరి సరిపోనంత వెడల్పు. దానికి అవ్వ అని పేరు పెట్టాడు. ఎక్కడుందో ఇంటివాళ్లకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ చోటు తెలిసినవాళ్లు ముగ్గురే. లాండీ, ఎల్సీ, ఎల్సీ తమ్ముడు గస్పార్. ఎర్మిలో పనిచేసే బోటుకి కెప్టెను ఆ గస్పారే.

"బోట్లోంచి ఒడ్డుకి చూస్తే పసుపు నీళ్లట్యాంకు వెనక వంగిన రేడియో స్తంభం దాక్కోవాలి," అంది లాండీ. "అప్పుడు దక్షిణానికి చూడు. కూలిన వంతెన కొస, సున్నం గుడిసె తలుపుకి సూటిగా రావాలి. ఆ రెండూ కలిసిన చోట దిగు. రాసుకోకు. ఫోన్లో పెట్టకు."

అతను మూడుసార్లు అప్పజెప్పాడు.

"వారానికి ఒక్కసారి చూసి రా. పొద్దున్నే ముందు అక్కడికే వెళ్లు, దక్షిణానికి తర్వాత వెళ్లు. అవ్వని ముట్టుకోకు."

"తిసిమీన్ వాడికి చెబుతున్నావా ఇవన్నీ?"

"నీకు చెబుతున్నాను," అంది ఆమె. ఎర్మిలో గుర్తుల్ని నాలుగోసారి అప్పజెప్పాడు.

మొదటిసారి అతను ఆమె చెప్పినట్టే చేశాడు. తెల్లారగానే వెళ్లి, ఫోటోలు తీసి, సాయంత్రం తెచ్చి చూపించాడు. లాండీ ఉయ్యాలలో లేచి కూర్చుంది. "ఆ కింద ముసలి రొయ్య ఉందా? ఒక మీసం లేనిది? ఉందా?" అని అడిగి, ఉందని తెలిసి ముఖమంతా నవ్వింది. ముక్కు కూడా నవ్వింది. అన్ని నెలల్లో ఆమె అలా నవ్వడం అతను చూడలేదు.

అక్కడ చెడింది. వారానికి ఒక్క నవ్వు అతనికి చాలలేదు. తెల్లవారుజామున వెళ్లాలంటే గస్పార్ బోటు రోజూ దొరకదు. అందుకని దక్షిణపు దిబ్బల దగ్గర టూరిస్టుల మొదటి విడత అయ్యాక, వాళ్లు బోట్లో కూర్చుని పుచ్చకాయ ముక్కలు తినే గంటలో, గస్పార్‌ని బతిమాలి బోటుని అవ్వ పైన ఆపించేవాడు. కొత్త ట్యాంకు తగిలించుకుని పదిహేను నిమిషాలు దిగి వచ్చేవాడు. టూరిస్టులకి ఆ నీళ్ల కింద ఏముందో తెలియదు. తొట్టి రేవులో ఉంది. ఒంటి మీద సూటు దక్షిణం నుంచి వచ్చిన సూటే, కాళ్లకి అవే బూట్లు. ముట్టుకోవడం లేదు కదా, పైపైన చూసి వస్తున్నాను కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఇన్ని ఫోటోలు ఎలా తెస్తున్నావని లాండీ అడిగితే, "పొద్దున్నే లేస్తున్నా," అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదు. లేవడం పొద్దున్నే లేచేవాడు.

మార్చి రెండో వారంలో అవ్వ నడుం మీద తెల్ల మచ్చ కనిపించింది.

ఆ సాయంత్రం అతను ఫోను ఇవ్వకముందే ఆమెకి అర్థమైపోయింది. ఫోటోని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, చాలాసేపు చూసింది. ఏడవలేదు. లేచి వెళ్లి బొప్పాయి పండుని సగానికి కోసి బల్ల మీద పెట్టి, అమ్మ దగ్గర మొక్కజొన్న పిండి ముద్ద తీసుకుంది.

"ఇది పగడం. ఇది మందు. గింజలున్న మేర చచ్చిన భాగం అనుకో. అంచు మీద సగం అటూ సగం ఇటూ పడాలి. వేలు పెట్టు."

అతని వేలి మీద తన వేలు ఆనించి ఎలా నొక్కాలో నేర్పించింది. ఎన్నాళ్లుగానో అతను కోరుకున్న స్పర్శ అది. ఇప్పుడు మాత్రం చేయి లాక్కోవాలనిపించింది.

"అక్కడిదాకా ఎలా వచ్చింది?" అంది ఆమె, ఎవరినీ అడగనట్టుగా. "ఉత్తరాన ఒక్కదానికీ లేదే."

వారం తిరక్కుండా బజారులో ఎవరో లాండీతో అన్నారు, మీ మామయ్య బోటు టూరిస్టులతో సహా ఉత్తరాన ఊరికే ఆగి ఉండటం రెండు మూడుసార్లు చూశామని. లాండీ ఇంటికి వచ్చేసరికి గస్పార్ వంటింట్లో కాఫీ తాగుతున్నాడు. ఎర్మిలో మందు డబ్బా కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మామయ్యా, అవ్వ దగ్గర టూరిస్టుల్ని దించావా?"

గస్పార్ కప్పు కింద పెట్టాడు. ముందు ఎర్మిలో వైపు చూశాడు. ఎర్మిలో బల్ల మీది మందు డబ్బా వైపు చూపు తిప్పుకున్నాడు.

"దించాను," అన్నాడు గస్పార్. "మంచి పార్టీలు. టిప్పులు బాగా ఇస్తామన్నారు."

లాండీ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అరవై ఏళ్ల మనిషి తల వంచుకుని అన్నీ విని, టోపీ పెట్టుకుని వానలోకి వెళ్లిపోయాడు. ఎర్మిలో వీధి మలుపు దాకా వెంటపడ్డాడు.

"దోన్ గస్పార్, మీరెందుకలా చెప్పారు?"

"నోర్మూసుకుని ఇంటికి పో. బోటు అక్కడ ఆపింది నేను. తొట్టి సంగతి నీకూ గుర్తులేదు, నాకూ గుర్తు రాలేదు. నేను దాని మేనమామని. ఎంత తిట్టినా ఈస్టరుకి పిలిచి అన్నం పెట్టక తప్పదు దానికి. నువ్వెవరివిరా? నీ పేరు తెలిస్తే మళ్లీ నీ మొహం చూడదు."

ఆ మాట నిజమని ఎర్మిలోకి తెలుసు. అందుకే నోరు మూసుకున్నాడు. ఇక్కడ అతన్ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. తొమ్మిది రోజులు మూసుకున్నాడు. గాలి ఒప్పుకున్న రోజుల్లో, ముందురోజే బ్లీచింగ్‌లో నానబెట్టిన సామానుతో తెల్లారేసరికి అవ్వ దగ్గర దిగి, మచ్చ అంచు వెంబడి మందు మెత్తేవాడు. ఎర్రజెండా ఉన్న రోజుల్లో రేవులో కూర్చుని బూడిదరంగు నీళ్లని చూసేవాడు. జెండా దిగేసరికి మచ్చ ఇంకో జానెడు పాకి ఉండేది. సాయంత్రాలు లాండీ అతనికి అన్నం వడ్డించేది. "నువ్వు లేకపోతే ఏమయ్యేదో," అనేది. అతను సగం అన్నం వదిలి లేచిపోయేవాడు.

పదో రోజు ఆమె బల్ల మీద ఒక కాగితం పెట్టింది.

"పార్కు ఆఫీసుకి రాశాను. మామయ్య పర్మిట్ రద్దు చేయమని. ఆ బోట్లో గైడువి నువ్వే కాబట్టి సాక్షి సంతకం పెట్టాలి."

"వాడి పొట్ట కొడతావటే?" అంది ఎల్సీ, పెనం ముందు నుంచి తిరక్కుండా. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"ఆయనకి పోయేది పొట్ట ఒక్కటేనమ్మా. అవ్వకి ప్రాణమే పోతోంది."

ఎర్మిలో కలం తీసుకున్నాడు. ఆ కాగితం మీద సంతకం పెడితే లాండీ తనది అవుతుంది. పెట్టకపోతే పోతుంది. అంత తేటగా ఎప్పుడూ ఏదీ అతని కళ్ల ముందుకి రాలేదు. కలం కింద పెట్టేశాడు.

"టూరిస్టులు ఎవరూ దిగలేదు, లాండీ. నేనొక్కణ్ణే దిగాను."

"నువ్వు పొద్దున్న కదా దిగింది?"

"పొద్దున్న కాదు. దక్షిణం నుంచి వస్తూ. అదే సూటు, అవే బూట్లు. ఒక్క మొదటిసారి తప్ప అన్నిసార్లూ అంతే. దోన్ గస్పార్ నా కోసం తప్పు తన మీద వేసుకున్నారు."

పెనం మీద సాల్బూతె మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ తీయలేదు.

"ప్రవాహంలో కొట్టుకొచ్చి ఉండొచ్చు కదా, నాయనా," అంది ఎల్సీ మెల్లగా.

"ఉండొచ్చు, దోన్యా ఎల్సీ. కానీ అలా అనుకునే హక్కు నాకు లేదు."

"ఎన్నిసార్లు?" అంది లాండీ.

"పదకొండు."

"వారానికి ఒక్కసారి అన్నాను నీకు."

"ఫోటోలు చూసి నువ్వు నవ్వేదానివి. ఆ నవ్వు కోసం వెళ్లాను. నువ్వంటే నాకు ప్రాణం. ఇది చెప్పాల్సిన సమయం ఇది కాదని తెలుసు."

"కాదు," అంది లాండీ. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేసింది. "మామయ్యకి భోజనం పట్టుకెళ్లమ్మా. నేను రాను, నాకు మొహం చెల్లదు." తర్వాత ఎర్మిలో వైపు చూడకుండా, "నువ్వెళ్లు," అంది.

తిట్టి ఉంటే తేరుకునేవాడు. ఆమె ఒక్క మాట కూడా తిట్టలేదు.

ఆ తర్వాత ఆరు వారాలు వాళ్లిద్దరి మధ్య మాటల్లేవు. మందు డబ్బా మాత్రం రోజూ పొద్దున్నే ఎల్సీ కిటికీలోంచి అందించేది. "నిన్న రాత్రి కలిపింది," అనేది. ఎవరు కలిపిందో చెప్పేది కాదు. ఎర్మిలో దిగేవాడు, మెత్తేవాడు, ఫోటో పంపేవాడు. ఆమె చూసిందనడానికి గుర్తుగా ఫోటో కింద రెండు నీలం గీతలు పడేవి. అంతకు మించి ఏమీ వచ్చేది కాదు. ఆ రెండు గీతల కోసమే సాయంత్రం దాకా బతికేవాడు. ఈస్టరు వెళ్లింది. ఉత్తరపు గాలులు తగ్గాయి, వాన తగ్గలేదు.

మే మొదట్లో ఒక పొద్దున లాండీ సూటు వేసుకుని రేవులోకి వచ్చింది. చెవిలో దూది లేదు. మనిషి చిక్కిపోయింది.

"డాక్టరు దిగమన్నాడు," అంది, అతని భుజం మీదుగా సముద్రాన్ని చూస్తూ. "ఇంకొన్నాళ్లు ఒక్కదాన్నే దిగకూడదట. ఇంకొకళ్లని తీసుకెళ్తే గుర్తులు చెప్పాలి. అందుకని నువ్వు."

"సరే."

"నాతో మాట్లాడకు."

"సరే."

"సరే కూడా అనకు."

గస్పార్ ఏమీ ఎరగనట్టు తాడు విప్పాడు.

నీటి అడుగున అవ్వ సగం చచ్చి ఉంది. దక్షిణం వైపంతా తెల్లబడి, ఆ తెలుపు మీద అప్పుడే పాచి పట్టి, చూడటానికి గోడ కూలిన ఇల్లులా ఉంది. ఉత్తరం వైపు మాత్రం తేనె రంగు కండ ఇంకా అంటిపెట్టుకుని ఉంది. ఆ రెంటి మధ్యా పైనుంచి కిందిదాకా మందు కట్ట. లాండీ దాని వెంబడి మెల్లగా ఈదింది. వేలెడు వేలెడుకీ ఒక వేలిముద్ర ఉంది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా సందు లేదు. నెలన్నర పాటు, తిట్టేవాళ్లూ మెచ్చుకునేవాళ్లూ లేకుండా, ఒక మనిషి చేసిన పని అది. గత మూడు వారాలుగా ఆ కట్టని దాటి తెలుపు ముందుకి రాలేదు.

మాస్కులో ఏడిస్తే తుడుచుకోవడానికి ఉండదు. ఆమె కాసేపు కళ్లు మూసుకుని అక్కడే తేలింది. తర్వాత డబ్బా తెరిచి, ముద్దని రెండుగా విరిచి, ఒక సగం అతని అరచేతిలో పెట్టింది. ఆమె పైనుంచి, అతను కింద నుంచి, గాలి అయిపోవచ్చేదాకా ఇద్దరూ మెత్తారు.

పైకి వచ్చేసరికి వాన దంచుతోంది. గస్పార్ ఇద్దరికీ కారం చల్లిన నారింజ ముక్కలు ఇచ్చాడు.

"ఎంత పోయింది?"

"సగం, మామయ్యా."

"మళ్లీ పెరగదా?"

"ఏడాదికి గోరంత పెరుగుతుంది. ఆ సగం నిండాలంటే మూడొందల ఏళ్లు పడుతుంది. అదీ, ఉన్నది నిలిస్తే."

ఎర్మిలో నారింజ ముక్కని చేతిలోనే తిప్పుతూ, "దోన్ గస్పార్, నాకు మూడొందల ఏళ్లు సెలవు కావాలి," అన్నాడు.

లాండీకి నవ్వు ఎగదన్నుకొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. సగంలో అది ఏడుపైపోయింది. ఆరు వారాల ఏడుపంతా ఒక్కసారే ఏడ్చింది. ఎర్మిలో ఆమెను ఓదార్చే ధైర్యం చేయక, పక్కన కూర్చుని తనూ కళ్లు తుడుచుకున్నాడు. గస్పార్ వాళ్లకి వీపు పెట్టి, చూడాల్సిన అవసరమేమీ లేని ఇంజనుని శ్రద్ధగా చూడసాగాడు.

"నీ మీద కోపం పోలేదు," అంది లాండీ, ముక్కు చీదుకుని.

"తెలుసు."

"పోతుందో లేదో కూడా చెప్పలేను. అవ్వని చూసినప్పుడల్లా వస్తుంది."

"రానీ. పడతా."

"నీ మీద ఇష్టం కూడా పోలేదు. పోతుందని ఆరు వారాలు చూశాను." తడి జుట్టు పిండుకుంటూ అతని వైపు మొదటిసారి సూటిగా చూసింది. "రేపు ఆరింటికి. ఆలస్యం చేస్తే నేనొక్కదాన్నే దిగుతా."

"ఒక్కదానివే దిగకూడదు, లాండీ."

"అందుకే ఆలస్యం చెయ్యకు."